సర్వే ఆఫ్ కాని సామాను

2022 ఏప్రిల్ 2న శుభకృత్ నామ సంవత్సర ఉగాది. మహారాష్ట్రలోని మా బల్లార్షాలో ఆ రోజుకు రెండు పేర్లు: ఉగాది, గుఢీ పాడ్వా. మా ఇంట్లో వేపపువ్వు పచ్చడి. పక్కింటి గుమ్మం దగ్గర వెదురు కర్రకు పట్టుగుడ్డ చుట్టి, పైన రాగి చెంబు బోర్లించిన గుఢీ. పొద్దుగూకే వేళకు గుఢీని దించేశారు. ఇంట్లో ఎండ సెగ ఇంకా తగ్గకపోవడంతో ఇరుగుపొరుగు అందరం మేడ మీదికి చేరాం. ఏడు ముప్పావు ప్రాంతంలో ఆకాశంలో నిప్పుచారలు కనిపించాయి. రాలే చుక్క అయితే పక్కవాడికి చూపించేలోపే మాయమవుతుంది. ఇవి మాత్రం ఒకదాని వెనుక ఒకటి, బొగ్గు వ్యాగన్ల వరుసలా, తొందర లేకుండా సాగిపోయాయి. మా నాన్న ఒక్క మాటే అన్నాడు: “స్కైలాబ్.” 1979 జూలైలో ఆయన గనిలో కొత్తగా చేరిన కార్మికుడు. పెద్దపల్లి వైపు ఉన్న మా సొంతూరిలో, ఆ అమెరికా అంతరిక్ష కేంద్రం నెత్తిన పడి అందరూ పోతారన్న భయంతో కోళ్లను, మేకలను కోసుకుని తినేసిన సంగతి ఆయన ఇప్పటికీ నవ్వకుండా చెబుతాడు.

మరునాటికి విషయం తెలిసింది. గోందియా వెళ్లే రైలు మార్గంలో ఉన్న సిందేవాహి తాలూకాలో, లాడ్‌బోరి అనే ఊరి దగ్గర సుమారు మూడు మీటర్ల వ్యాసమున్న లోహపు రింగు పడింది. చుట్టుపక్కల గోళాకారపు ట్యాంకులు దొరికాయి. ఎవరికీ దెబ్బ తగలలేదు. పోలీసులు వాటిని ఠాణాకు చేర్చారు, ఇస్రో శాస్త్రవేత్తలు వచ్చి పరిశీలించారు. 2021 ఫిబ్రవరిలో చైనా ప్రయోగించిన లాంగ్ మార్చ్ 3బి రాకెట్ మూడవ దశకు చెందిన ముక్కలై ఉంటాయని, కక్ష్యల లెక్క తెలిసిన నిపుణులు తేల్చారు.

ఆ వారంలోనే మా వీధి చివర భంగార్ దుకాణం, అంటే పాత ఇనుప సామాను కొట్టు, నడిపే మిత్రుడు, వరుసకు బావమరిది, స్కూటరు ఆపి నన్ను అడిగాడు: “బావా, గా రింగు ఏలం పెడ్తరా? పెడ్తే ఎవలు పెడ్తరు? పోలీసోళ్లా, చైనోళ్లా?” అతని స్కూటరు డిక్కీలో పాత స్పీకరు నుంచి ఊడదీసిన అయస్కాంతం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఏ సామాను ఎదురైనా ముందు దానిని తాకించి చూస్తాడు. అంటుకుంటే ఒక ధర, అంటుకోకపోతే ఇంకొక ధర. ఆ రోజు నేను నవ్వేసి ఊరుకున్నాను.

ఈ మధ్య వ్యోమనౌకల భాగాలను తిరిగి వాడుకోవడం గురించి ఒక వ్యాసం చదువుతున్నప్పుడు అతని ప్రశ్న మళ్లీ గుర్తుకు వచ్చింది. ఆ వ్యాసంలో రోబో చేతులు, వలలు, కక్ష్యలోనే కరిగించి అచ్చుపోసే కొలుములు అన్నీ ఉన్నాయి. ఆ సామాను ఎవరిది, దానిని ముట్టుకునే హక్కు ఎవరికి ఉంది, మోసుకువచ్చే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అన్నవి మాత్రం లేవు. ఇరవై ఆరేళ్లుగా ఒక ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని వర్క్‌షాపులో, మట్టి, బొగ్గు మోసే డంపర్లు విప్పుతూ, బిగిస్తూ బతుకుతున్నవాడిగా నా అభిప్రాయం ఇది: పాత సామాను తిరిగి వాడుకలోకి వస్తుందా రాదా అన్నది చాలావరకు దానిని కొన్న రోజునే తేలిపోతుంది. అంతరిక్షంలోకి పంపే ప్రతి వస్తువుకూ దానిని దించే లేదా తిరిగి వాడే ఖర్చును, పంపేవాడి దగ్గర, పంపకముందే కట్టించుకోవాలి. అది జరగనంతకాలం రోబో చేతుల గురించిన కథనాలు చదువుకోవడానికి బాగుంటాయి, అంతే.

ఎవరి సొత్తు

బావమరిది అడిగిన ప్రశ్నకు చట్టంలో జవాబు ఉంది. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ఎనిమిదవ అధికరణం ప్రకారం, పైకి పంపిన వస్తువు మీద యాజమాన్యం అది అంతరిక్షంలో ఉన్నా, తిరిగి భూమి మీద పడినా మారదు. 1968 నాటి మరొక ఒప్పందం ప్రకారం, అలా పడిన వస్తువును ప్రయోగించిన దేశం అడిగితే తిరిగి ఇవ్వాలి. ఆ ఖర్చు అడిగినవారే భరించాలి. అంటే లాడ్‌బోరి రింగును వేలం వేసే హక్కు సిందేవాహి ఠాణాకు లేదు. సముద్రంలో అయితే మునిగిపోతున్న ఓడను కాపాడినవాడికి ప్రతిఫలం ఇవ్వాలన్న నియమం తరతరాలుగా ఉంది. పైన అటువంటిది లేదు. యాభై ఏళ్ల క్రితం చచ్చిపోయిన ఉపగ్రహమైనా సరే, దాని యజమాని అనుమతి లేకుండా ముట్టుకోవడం ఇంకొకరి సొత్తును ముట్టుకోవడమే.

నష్టపరిహారం విషయంలో 1972 ఒప్పందం ఉంది, కానీ అందులో ఒక మెలిక ఉంది. భూమి మీద పడి నష్టం చేస్తే తప్పు ఎవరిదని చూడకుండా ప్రయోగించిన దేశం చెల్లించాలి. 1978 జనవరిలో అణు రియాక్టరుతో సహా సోవియట్ ఉపగ్రహం కాస్మోస్ 954 కెనడా మంచు నేల మీద పడినప్పుడు, కెనడా 60 లక్షల డాలర్లు అడిగింది. సోవియట్ యూనియన్ 1981లో 30 లక్షల కెనడా డాలర్లు చెల్లించింది. అంతరిక్షంలోనే ఒకదానినొకటి ఢీకొంటే మాత్రం తప్పు ఎవరిదో రుజువు చేయాలి. 2009 ఫిబ్రవరిలో సైబీరియా మీద 789 కిలోమీటర్ల ఎత్తున పనిచేస్తున్న అమెరికా ఉపగ్రహం ఇరిడియం 33, ఎప్పుడో పనిమానేసిన రష్యా ఉపగ్రహం కాస్మోస్ 2251 ఢీకొన్నాయి. చచ్చిన ఉపగ్రహానికి తప్పుకునే శక్తి లేదు, బతికి ఉన్నదాన్ని తప్పించాలన్న నిబంధన లేదు. ఇక తప్పు ఎవరిది? ఆ గుద్దులాటలో పుట్టిన వేల ముక్కలలో ఏ ముక్క ఎవరిదని చెప్పి, ఎవరి అనుమతి తీసుకుని ఏరాలి?

మా గనిలో దీనికి ఒక పద్ధతి ఉంది, దాని పేరు సర్వే ఆఫ్. పని అయిపోయిన యంత్రాన్ని ఒక కమిటీ వచ్చి చూసి, ఇది ఇక బాగుపడదని రాసి, పుస్తకంలో దాని విలువ కొట్టివేసిన తరువాతే అది తుక్కుగా వేలానికి వెళ్తుంది. అంతవరకు అది కాగితాల మీద నడుస్తున్న యంత్రమే. మా షెడ్డు వెనుక ఒక 85 టన్నుల డంపరు ఇలా తొమ్మిదేళ్లు పడి ఉండటం నేను చూశాను. ఇంజను పోయింది, బాగు చేయించే ఖర్చు కొత్తదానికి దగ్గరగా ఉంది, ఫైలు మాత్రం ఒక బల్ల మీద నుంచి ఇంకొక బల్ల మీదికి తిరుగుతూనే ఉంది. చాసిస్ మధ్యలో నుంచి సర్కారు తుమ్మ మొలిచి, డ్రైవరు కేబిన్ కిటికీ దాకా పెరిగింది. మొదటి ఏడాదిలో అమ్మి ఉంటే అందులో సగం భాగాలు ఎవరికైనా అక్కరకు వచ్చేవి. తొమ్మిదవ ఏడాదికి అది బరువు లెక్కన అమ్మే ఇనుము.

నిదానమైనా మాకు ఆ కమిటీ అయినా ఉంది. అంతరిక్షంలో సర్వే ఆఫ్ అన్న మాటే లేదు. ‘ఇది నేను వదులుకున్నాను, ఎవరైనా తీసుకోవచ్చు’ అని ఏ దేశమూ రాసి ఇవ్వదు. అందుకు కారణం గర్వం ఒక్కటే కాదు. పాత ఉపగ్రహాన్ని పట్టుకోగలిగిన చేయి పనిచేస్తున్న ఉపగ్రహాన్ని కూడా పట్టుకోగలదు. తుక్కు ఏరే నౌక దగ్గరికి వస్తుంటే, అది తుక్కు కోసమే వస్తోందని పొరుగు దేశం నమ్మాలి. ఈ అనుమానాన్ని నేను తేలికగా తీసుకోను.

భాగం ఉంది, దగ్గరలో లేదు

సర్వే ఆఫ్ కాని ఆ డంపరు నుంచి మేము ఏమీ తీసుకోలేదని చెబితే అబద్ధం అవుతుంది. వర్క్‌షాపులో దానిని క్యానిబలైజ్ చేయడం అంటారు. ఒక బండి భాగాన్ని ఇంకొక బండికి ఎక్కించడం. ఒక వానాకాలం రాత్రి పాళీలో, నడుస్తున్న డంపరు ఫైనల్ డ్రైవ్, అంటే చక్రాన్ని తిప్పే గేర్ల పెట్టె, విరిగింది. స్టోర్సులో లేదు, రావడానికి నెలలు పడుతుందన్నారు. షెడ్డు వెనుక ఉన్న బండిలో సరిగ్గా అదే ఉంది. గ్యాస్ కట్టరు పెడితే పావుగంటలో ఊడుతుంది కానీ మళ్లీ బిగించడానికి పనికిరాదు. అందుకని బోల్టుల మీద డీజిల్ పోసి నానబెట్టి, ఒక్కొక్క దానికి సుద్దతో అంకె వేసి, నలుగురం పైపు తొడిగిన స్పానరు మీద వేలాడి, తెల్లవారేసరికి దించాం. ఇరవైకి పైగా బోల్టులలో రెండు తెగిపోయాయి. ఆ బండి ఉదయం పాళీకి నడిచింది.

ఆ పని ఎందుకు కుదిరిందో చూస్తే, అంతరిక్షంలో ఎందుకు కుదరడం లేదో అర్థమవుతుంది. రెండు బండ్లూ ఒకే కంపెనీవి, ఒకే మోడలు. భాగాన్ని ఊడదీయడానికి వీలుగా బోల్టులు పెట్టారు, అతికించలేదు. అది ఎన్ని గంటలు నడిచిందో లాగ్‌బుక్కులో ఉంది. అన్నింటికన్నా ముఖ్యం, రెండు బండ్ల మధ్య దూరం నూట యాభై అడుగులు.

పైన దూరం అన్న మాటకు మన అర్థం పనిచేయదు. దిగువ కక్ష్యలో వస్తువులు సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో తిరుగుతాయి. బల్లార్షా నుంచి కాగజ్‌నగర్ దాకా రైలులో గంటకు తక్కువ కాని ప్రయాణం, వాటికి దాదాపు పది సెకన్లు. ఒకే ఎత్తులో ఉన్నా, రెండు వస్తువుల కక్ష్యా తలాల మధ్య 60 డిగ్రీల వంపు ఉంటే, ఒకదాని నుంచి ఇంకొకదానికి మారడానికి కక్ష్యలోకి ఎక్కడానికి కావలసినంత వేగాన్ని మళ్లీ మొత్తంగా ఇవ్వాలి. అంటే పై నుంచి పైకే వెళ్లడం, కింద నుంచి పైకి వెళ్లినంత ఖర్చు. ఏ భంగార్ వ్యాపారి అయినా మొదట వేసే లెక్క ఇదే: సరుకు ధర కన్నా ఆటో కిరాయి ఎక్కువైతే ఆ సరుకును ముట్టుకోడు.

దీనికి ఎదురు సాక్ష్యం ఒకటి ఉంది, దానిని దాచిపెట్టడం న్యాయం కాదు. 1984 నవంబరులో అమెరికా షటిల్ వ్యోమగాములు తప్పుడు కక్ష్యలో చిక్కుకున్న పలాపా బి2, వెస్టార్ 6 అనే రెండు ఉపగ్రహాలను చేతులతో పట్టుకుని, షటిల్‌లో పెట్టుకుని భూమికి తెచ్చారు. వాటిని బాగు చేసి మళ్లీ అమ్మారు. రెండూ 1990 ఏప్రిల్‌లో తిరిగి కక్ష్యలోకి వెళ్లాయి. వెస్టార్ 6 కాస్తా ఆసియాశాట్ 1 అన్న కొత్త పేరుతో, చైనా రాకెట్ మీద. నలభై ఏళ్ల క్రితమే ఇది సాధ్యమైంది కదా అని ఎవరైనా అడిగితే, సాధ్యమైంది అనే చెప్పాలి. కానీ ఆ ఉపగ్రహాలు కొత్తవి, ఒక్క రోజు కూడా సరిగా పనిచేయనివి, షటిల్ వెళ్లగలిగిన ఎత్తుకు దించగలిగినవి. పైగా బీమా కంపెనీలు యజమానులకు డబ్బు కట్టేసి, ఆ సొత్తును తమ పేర రాయించుకున్నాయి. అంటే అక్కడ సర్వే ఆఫ్ జరిగింది! ఆ పని చేసింది ఒప్పందాలు కావు, బీమా పాలసీ.

2020 ఫిబ్రవరిలో మరొక దారి కనిపించింది. ఇంధనం అయిపోవస్తున్న ఇంటెల్‌శాట్ 901 ఉపగ్రహానికి ఎంఈవీ 1 అనే నౌక వెళ్లి వెనుక నుంచి అతుక్కుని, ఐదేళ్లపాటు దానిని నడిపించి, 2025లో పాత ఉపగ్రహాలను వదిలే పై శ్మశాన కక్ష్యలో వదిలి తాను బయటపడింది. ఇది నాకు నచ్చింది. భూమితో సమంగా తిరిగే భూస్థిర కక్ష్యలో బండ్లన్నీ దాదాపు ఒకే తలంలో ఒకే వరుసలో ఉంటాయి కనుక, అక్కడ ఒక మెకానిక్ పలుమార్లు పనికొస్తాడు. అయినా ఆ ఉపగ్రహానికి ఇంధనం పోసుకునే మూత లేదు. అతుక్కోవడానికి దాని ఇంజను నాజిలునే పట్టుకోవలసి వచ్చింది. ఎప్పటికైనా ఎవరో ఒకరు వచ్చి బాగు చేస్తారన్న ఆలోచన దానిని తయారు చేసినవారికి లేదు, మరి ఉండవలసిన అవసరం వారికి ఎవరు కలిగించారు?

ఉన్నచోటనే

ఈ విషయంలో ఇస్రో చేసిన పనిని నేను కొంచెం ఎక్కువసేపు చెప్పుకుంటాను, దానికి ముందు తప్పుతో మొదలుపెడతాను. 2001 డిసెంబరులో, పీఎస్‌ఎల్‌వీ-సి3 పని ముగించిన రెండు నెలలకు, దాని నాలుగవ దశ కక్ష్యలోనే పేలిపోయి మూడు వందలకు పైగా ముక్కలైంది. ట్యాంకులలో మిగిలిన ఇంధనం, పీడనం అలాగే ఉండిపోతే జరిగేది అదే. ఆ తరువాతి ప్రయోగం నుంచి మిగిలినదాన్ని బయటికి వదిలేసే పద్ధతి వచ్చింది. మా దగ్గర కూడా పాత ఎయిర్ రిసీవరును, అంటే గాలి ట్యాంకును, షెడ్డు వెనుకకు నెట్టేముందు వాల్వు తెరిచి గాలి వదలాలన్నది మొదటి నియమం. అది నేర్చుకోవడానికి మేమూ ఒకసారి రేకుల కప్పు పోగొట్టుకున్నాం.

అటువంటి నాలుగవ దశే ఇప్పుడు పోయెమ్ అన్న పేరుతో పనికొస్తోంది. ఉపగ్రహాన్ని వదిలేసిన తరువాత తుక్కుగా తిరగవలసిన ఆ దశకు సౌర ఫలకాలు, బ్యాటరీ, దిశ నిలుపుకునే వ్యవస్థ తగిలించి, దానినే కొన్ని నెలల ప్రయోగశాలగా మార్చారు. 2024 జనవరి 1న వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సి58 ఎక్స్‌పోశాట్ ఉపగ్రహాన్ని 650 కిలోమీటర్ల ఎత్తున వదిలి, తన దశను 350 కిలోమీటర్లకు దించుకుని, ఇంధనం ఖాళీ చేసుకుని, ప్రయోగాలు పూర్తి చేసి, మార్చి 21న పసిఫిక్ మీద వాతావరణంలోకి వచ్చేసింది. ఆ ఏడాది చివర వెళ్లిన పోయెమ్-4లో 24 ప్రయోగాలు ఉన్నాయి. అందులో తుక్కును పట్టుకోవడానికి సాధన చేసే రోబో చేయి ఒకటి. అందరికీ గుర్తున్నది మాత్రం ఎనిమిది అలసంద గింజలు నాలుగు రోజులలో మొలకెత్తడం. పత్రికలు దానిని అంతరిక్ష వ్యవసాయమని రాశాయి. నాకు తోచింది వేరు: పారేసిన డబ్బాలో విత్తనం వేయడం మా ఇళ్లల్లో అందరూ చేసే పనే, నూనె డబ్బాలో తులసి లేని వాకిలి మా కాలనీలో లేదు.

పోయెమ్‌లోని తెలివి ఏమిటంటే అది ఏ తుక్కు వెంటా పరుగెత్తదు. పైకి ఎక్కించే ఖర్చు ఎలాగూ పెట్టేశాం, అక్కడే ఉన్నదానిని అక్కడే వాడుకుని, దిగేటప్పుడు దింపుకుంటుంది. ఇంతకన్నా చౌకైన పునర్వినియోగం కక్ష్యలో నాకు కనిపించలేదు. నేల మీద జరిగే తిరిగి వాడకం కూడా ఇదే కోవలోకి వస్తుంది. చిత్రదుర్గ దగ్గర 2024 మార్చిలో దిగిన పుష్పక్ రెక్కల వాహనం శరీరాన్ని, పరికరాలను, మార్పు లేకుండా జూన్‌లో మళ్లీ దింపారు. మొదటినుంచీ మళ్లీ వాడాలని కట్టినది కనుక కుదిరింది.

మేఘా-ట్రోపిక్స్ కథ దీనికి కొంచెం భిన్నం, అందుకే విలువైనది. 2011లో వెళ్లిన ఆ వెయ్యి కిలోల ఉపగ్రహాన్ని నియంత్రిస్తూ దించాలన్న ఆలోచనతో కట్టలేదు. అదృష్టవశాత్తు దాదాపు 125 కిలోల ఇంధనం మిగిలింది. దానితో మెల్లమెల్లగా దించి, 2023 మార్చి 7న పసిఫిక్‌లో ముగించారు. ఆ పనికి చేతులెత్తి దండం పెట్టవచ్చు, కానీ మిగిలిన ఇంధనం మీద ఆధారపడటం పద్ధతి కాదు. ఉద్యోగ విరమణ నాటికి ఏమైనా మిగిలితే అప్పు తీరుస్తానన్నట్టు ఉంటుంది.

కాలిపోతే పోయినట్టేనా

ఇక్కడ నా వాదనకే నేను అడ్డం పడాలి. దించడం అంటున్నాను, దించడమంటే వాతావరణంలో కాల్చడం. 2023లో అమెరికా శాస్త్రవేత్తలు విమానాలతో స్ట్రాటోస్ఫియరులో సేకరించిన గంధకామ్ల కణాలను పరీక్షించి, వాటిలో సుమారు పది శాతం కణాలలో అల్యూమినియం, ఇంకా రాకెట్లు, ఉపగ్రహాల నుంచి ఆవిరైన లోహాలు ఉన్నాయని చూపించారు. గని నుంచి బొగ్గు లారీ వెళ్లిపోతే మా కాలనీలో దుమ్ము పోయినట్టు కాదని మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. పొద్దున్నే ఆరేసిన తెల్ల చొక్కా చెబుతుంది. జపానులో క్యోటో విశ్వవిద్యాలయం వారు 2024 చివర్లో చెక్కతో చేసిన లిగ్నోశాట్ అనే చిన్న ఉపగ్రహాన్ని పంపింది ఈ చింతతోనే. టేకు డిపోల మధ్య పెరిగిన మాకు ఆ వార్త ఎంత ముచ్చటగా అనిపించిందో చెప్పలేను, అయినా అరచేతిలో పట్టే ఆ డబ్బా నుంచి రాకెట్ దశల దాకా చాలా దూరం ఉంది.

కాల్చకుండా దాచుకోలేమా? అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 420 టన్నుల బరువు. దానిని ముక్కలుగా విప్పి దించడం, ఇంకా పైకి నెట్టి దాచడం, భాగాలను తిరిగి వాడటం అన్నింటినీ నాసా పరిశీలించి, చివరికి సముద్రంలో ముంచడమే మేలని తేల్చింది. ఆ పని చేసే నౌక కోసం 2024 జూన్‌లో 84 కోట్ల 30 లక్షల డాలర్ల వరకు ఒప్పందం రాసుకుంది. విప్పడానికి వీలుగా కట్టనిదానిని విప్పడం ఎంత కష్టమో తెలిసినవాడిగా ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేను. అయినా, కూల్చడానికే అంత ఖర్చయ్యేటప్పుడు, కట్టేనాడు అది ఎవరి ఖాతాలో రాశారు?

ఇంకొక చిక్కు కూడా ఉంది. తిరిగి వాడితే తుక్కు తగ్గుతుందని అనుకుంటాం. అమెరికా కంపెనీ స్పేస్‌ఎక్స్ రాకెట్ ఫాల్కన్ 9 మొదటి దశలు కొన్ని ముప్పై సార్లకు పైగా ఎగిరాయి, ఘనమైన పని. కానీ ప్రతిసారీ రెండవ దశ కొత్తదే, ఒక్కసారే. ప్రయాణం చౌకైనందువల్ల ఉపగ్రహాలు వందల నుంచి వేలకు పెరిగాయి. మా గనికి 35 టన్నుల డంపర్ల స్థానంలో పెద్దవి వచ్చినప్పుడు టన్నుకు డీజిల్ ఖర్చు తగ్గింది. దానివల్ల మేము తవ్విన మట్టి తగ్గలేదు, మునుపు గిట్టుబాటు కాదని వదిలేసిన లోతుకు దిగాం.

ముందే కట్టించుకోవడం

మట్టి మాట వచ్చింది కనుక మా జిల్లాలో అందరికీ తెలిసిన ఒక నియమాన్ని చెబుతాను. 2009లో బొగ్గు మంత్రిత్వ శాఖ గని మూసివేత మార్గదర్శకాలు తెచ్చింది. అంతకుముందు బొగ్గు అయిపోగానే గోతిని, పక్కనే పోసిన మట్టి గుట్టను వదిలేసి వెళ్లిపోయేవారు. 2009లో పెట్టిన లెక్క ఓపెన్‌కాస్ట్ గని అయితే హెక్టారుకు ఆరు లక్షల రూపాయలు, భూగర్భ గని అయితే లక్ష. మూసివేత ఖర్చును గని నడుస్తుండగానే ఏటా కొంత చొప్పున ఎస్క్రో ఖాతాలో, అంటే కంపెనీ తనంతట తాను తీసుకోలేని ఖాతాలో, జమ చేయాలి. నేలను చక్కదిద్ది చూపించిన కొద్దీ కొంత కొంత తిరిగి ఇస్తారు. కంపెనీ చేతులెత్తేసినా ఆ డబ్బు ఉంటుంది.

ఇదే పైన కావాలి. 2020లో కొందరు ఆర్థికవేత్తలు కక్ష్యలో ఉన్న ప్రతి ఉపగ్రహానికి ఏటా రుసుము వేస్తే, 2040 నాటికి అది సుమారు 2,35,000 డాలర్లకు చేరినా సరే, ఢీకొనే ముప్పు తగ్గి పరిశ్రమ విలువే పెరుగుతుందని లెక్క చూపించారు. నేను అడిగేది రుసుము కన్నా డిపాజిట్. సమయానికి దించినవాడికి, లేదా పోయెమ్‌లా ఉన్నచోట వాడి దించినవాడికి, వెనక్కి రావాలి. జరిమానాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అంతరిక్ష తుక్కు విషయంలో అమెరికా మొదటి జరిమానా వేసింది 2023 అక్టోబరులో. డిష్ కంపెనీ ఎకోస్టార్ 7ను 300 కిలోమీటర్లు పైకి జరపవలసి ఉండగా, ఇంధనం చాలక 122 కిలోమీటర్ల దగ్గర వదిలేసింది. జరిమానా 1,50,000 డాలర్లు. ఆ డబ్బుతో ఆ ఉపగ్రహం ఒక్క మీటరు కూడా జరగదు.

హైదరాబాదులో రాకెట్ విడిభాగాలు చేసే చిన్న కంపెనీలో మా మేనల్లుడు ఉన్నాడు. పోయిన దసరాకు వచ్చినప్పుడు ఈ మాట చెబితే గట్టిగానే ఎదురు తిరిగాడు. “మామా, రాకెట్టే ఇంకా ఎగరని వాళ్ల దగ్గర దించే పైసలు ముందుగాల్నే కట్టించుకుంటే, ఎగరకముందే షట్టర్ గుంజుకోవాలె. పైన మిగిలేది పెద్దోళ్లే. నింపింది ఆళ్లు, కట్టేది మేమా?” అతని మాటలో బలం ఉంది. 2007 జనవరిలో చైనా తన వాతావరణ ఉపగ్రహాన్ని 865 కిలోమీటర్ల ఎత్తున క్షిపణితో పగులగొట్టినప్పుడు పుట్టిన మూడు వేలకు పైగా ముక్కలకు ఎవరూ పైసా కట్టలేదు. 2021 నవంబరులో రష్యా అదే పని చేసి, అంతరిక్ష కేంద్రంలోని వారు నౌకలలోకి దూరి తలదాచుకునేలా చేసింది. 2019 మార్చిలో మనమూ చేశాం. 300 కిలోమీటర్ల లోపు ఎత్తు కనుక ముక్కలు చాలావరకు త్వరగానే రాలిపోయాయి, అయినా కొన్ని పైకి ఎగిశాయి.

రెండు రోజులు ఆలోచించి అతనికి ఫోను చేశాను. డిపాజిట్ అందరికీ ఒకటే ఉండనక్కరలేదు. నాలుగు వందల కిలోమీటర్ల కింద తిరిగే చిన్న ఉపగ్రహాన్ని గాలి రాపిడే కొన్ని నెలల్లో, మహా అయితే కొన్నేళ్లలో దించేస్తుంది. దానికి నామమాత్రం చాలు. ఎనిమిది వందల కిలోమీటర్ల ఎత్తున వదిలింది శతాబ్దం దాటినా అక్కడే ఉంటుంది. అసలు బరువు అక్కడ పడాలి. చిన్న కంపెనీలు ఎక్కువగా వెళ్లేది కిందికే. “గట్లయితే సరే గని, పాత సామాను సంగతేంది?” అన్నాడు. పాత సామానుకు నా దగ్గర మంచి జవాబు లేదు. ఎవరు పంపారో తెలిసిన పెద్ద రాకెట్ దశలనైనా ఆయా దేశాలు తమ ఖర్చుతో దించుకోవాలని అనగలను. అవి వింటాయని అనలేను. మన దేశం 2030 నాటికి ప్రభుత్వ, ప్రైవేటు ప్రయోగాలన్నీ తుక్కు లేకుండా జరగాలని 2024లో ప్రకటించింది. అనుమతులు ఇచ్చే ఇన్-స్పేస్ ఆ కాగితంలోనే డిపాజిట్ షరతు కలిపితే, ప్రకటనకు కాళ్లు వస్తాయని నా ఆశ.

ఎస్క్రో వల్ల మా దగ్గర అంతా పచ్చబడిందని మాత్రం చెప్పను. మట్టి గుట్టలు అలాగే ఉన్నాయి. పైన కొన్ని వేప మొక్కలు, వానకు జారే మట్టి కింద పత్తి చేలు. డబ్బు జమ కావడం వేరు, దానితో పని జరగడం వేరు. తనిఖీకి వచ్చినవాడు గుట్ట ఎక్కి చూడాలి. చాలామంది జీపు దిగరు.

మా షెడ్డు వెనుక డంపరుకు చివరికి సర్వే ఆఫ్ అయింది. వేలం నోటీసు రాగానే బావమరిదికి చెప్పాను. అతను వచ్చి, అయస్కాంతం పెట్టి చూసి, చాసిస్ చుట్టూ రెండుసార్లు తిరిగి, తుమ్మ చెట్టును కూడా నరకాలి కదా అని లెక్క వేసుకుని, టెండరు కాగితం చదివి వెనక్కి ఇచ్చేశాడు. ఈఎండీ, అంటే టెండరుతో పాటు ముందే కట్టే ధరావతు, ఎక్కువగా ఉంది. “తొమ్మిదేండ్లు ఈడ పారేసినోడు రూపాయి కట్టలే. ఎత్తుకపోయేటోడు మాత్రం ముందుగాల కట్టాలెనా బావా?” అన్నాడు. నాగపూరు నుంచి వచ్చిన ఒక పెద్ద వ్యాపారి దానిని నాలుగు రోజులు గ్యాస్‌తో కోయించి, రెండు ట్రెయిలర్ల మీద తీసుకుపోయాడు.

అది ఉన్నచోట నేల డంపరు ఆకారంలోనే నల్లగా మిగిలింది. తొమ్మిదేళ్లు కారిన హైడ్రాలిక్ ఆయిలు లోపలికి ఇంకింది. మొన్నటి వానకు పక్కన అంతా గడ్డి లేచింది, అక్కడ లేవలేదు. వేలం ఫైలు మూయడానికి నా సంతకం కావాలి. చివరి పేజీలో ‘స్థలము ఖాళీ చేసి శుభ్రపరచబడినది’ అన్న గడి ఉంది. పది రోజులుగా ఆ ఫైలు నా బల్ల మీదే ఉంది.